టోపీ పెట్టిన 'ఐ'

డండీ గురించి ఎవరిని అడిగినా ముందు మూడు జకారాలు చెబుతారు: జూట్, జామ్, జర్నలిజం. స్కాట్లాండ్ తూర్పున టే నది ఒడ్డున ఉన్న ఈ ఊరు ఒకప్పుడు బెంగాల్ నుంచి వచ్చిన జనపనారతో బతికింది. నేను పుట్టింది భీమునిపట్నం పక్కన చిట్టివలసలో. నాన్న అక్కడి జూట్ మిల్లులో స్పిన్నింగ్ విభాగంలో పనిచేశారు. 2009లో మిల్లు మూతపడేదాకా మా ఇంట్లో గడియారం కంటే మిల్లు కూతనే ఎక్కువ నమ్మేవాళ్లం. నాకు ఉద్యోగం వచ్చింది గోనెసంచుల ఊళ్లోనే అని తెలిసి నాన్న ఫోనులో చాలాసేపు నవ్వారు. "సముద్రాలు దాటి మళ్లీ జూట్ దగ్గరికేనా?" అన్నారు.

నేను చేరింది మాత్రం మూడో జకారంలో. అయిదుగురు పనిచేసే చిన్న స్టూడియో. సొంత ఖర్చుతో కామిక్స్ అచ్చు వేసుకునేవాళ్ల పేజీలను ప్రెస్సుకు సిద్ధం చేస్తాం. కథ ఒకరిది, బొమ్మ మరొకరిది. బుడగల్లో మాటలు కూర్చడం, రంగులు సరిచూడడం, పేజీలను ఫారాలుగా (ఒకే పెద్ద కాగితంపై అచ్చయ్యే పేజీల గుంపులుగా) అమర్చడం మా వంతు. అంతకుముందు నేను విజయవాడలో ఆరేళ్లు పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో 'అను' తెలుగు ఫాంట్లతో శుభలేఖలు, పరీక్షల గైడ్లు, పిల్లల పత్రికల పేజీలు చేశాను. పై వరుసలోని ఒత్తు కింది వరుసలోని గుడికి తగలకుండా ఎన్ని వేల వరుసలు సర్దానో లెక్కలేదు. అలాంటి చేతికి ఇరవై ఆరు అక్షరాలు, అందులోనూ అన్నీ ఒకే ఎత్తు పెద్ద అక్షరాలు, ఒక లెక్కా అనుకున్నాను.

మొదటి నెలలోనే ఆ పొగరు దిగిపోయింది.

ఇంగ్లిష్ కామిక్స్‌లో మాటలన్నీ సాధారణంగా పెద్ద అక్షరాల్లోనే ఉంటాయి కదా. నేను క్యాప్స్ లాక్ నొక్కి పెట్టి, 48 పేజీల పుస్తకం మొత్తం టైపు చేసేశాను. మాకు పని నేర్పే పెద్దాయన ప్రూఫ్ తీసి, భూతద్దం కూడా పెట్టకుండానే ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టడం మొదలుపెట్టారు. ఒక్క పేజీలోనే ముప్పైకి పైగా. అన్నీ 'ఐ' అక్షరం చుట్టూనే.

కామిక్స్ ఫాంట్లలో 'ఐ' రెండు రకాలు. ఒకటి పైనా కిందా అడ్డగీతలున్నది. నేను దానికి టోపీ, చెప్పులు అని పేరు పెట్టుకున్నాను. రెండోది ఉత్త నిలువు గీత. పాత్ర 'నేను' అన్నప్పుడు మాత్రమే టోపీ ఉన్నది రావాలి. మిగతా మాటల మధ్య వచ్చే 'ఐ' అంతా ఉత్త గీతే. ఈ పద్ధతి చేత్తో రాసే రోజుల నుంచి వస్తోంది. ఇరుకు బుడగలో ఆ అడ్డగీతలు పక్క అక్షరాలకు తగిలి ముద్దయిపోతాయి. అందుకే ఫాంటు తయారు చేసేవాళ్లు టోపీ అక్షరాన్ని పెద్ద అక్షరం (క్యాపిటల్) మీటకూ, ఉత్త గీతను చిన్న అక్షరం మీటకూ ఇస్తారు. నా క్యాప్స్ లాక్ పుస్తకంలోని ప్రతి 'ఐ'కీ టోపీ పెట్టేసింది.

"చదివేవాళ్లకు ఇది తెలుస్తుందా?" అని అడిగాను, కొంచెం ఉక్రోషంగానే.

"తెలియదు. ఎందుకో చదవబుద్ధి కాదు, అంతే" అన్నారు.

కంప్యూటర్‌తో ఒక్క దెబ్బకు మార్చేస్తే 'నేను'ల టోపీలు కూడా ఎగిరిపోతాయి. రెండు రాత్రులు కూర్చుని బుడగ బుడగా చూశాను.

ఆ పెద్దాయనను అందరూ పేరు పెట్టి పిలుస్తారు. ఇక్కడ అదే మర్యాద. నాన్న వయసు మనిషి, నాకు నోరు రాలేదు. మూడు నెలలు ఏ పిలుపూ లేకుండా ఎదురుగా వెళ్లి నిలబడి మాట్లాడాను. ఆయన కంప్యూటర్లు రాకముందు పనిలో చేరినవారు. టైపు చేయించిన మాటలను బ్లేడుతో కోసి, రబ్బరు జిగురుతో బొమ్మ మీద అతికించేవారట. తప్పు పడితే తెల్ల రంగు.

ఆ తెల్ల రంగుకు ఇంకో పని కూడా ఉండేది. లండన్‌లోని వారపత్రికల్లో చిత్రకారుడు మూలన సంతకం పెడితే ఆర్ట్ విభాగంవాళ్లు దాన్ని చెరిపేసేవారు. డండీలో కూడా అంతే. 1937లో మొదలైన డాండీ, 1938లో మొదలైన బీనో, ఈ రెండు పిల్లల కామిక్ పత్రికలూ ఈ ఊరివే. దశాబ్దాల పాటు వాటిలో బొమ్మల కింద పేర్లు ఉండేవి కావు. సంతకం పెట్టనిచ్చిన బహుకొద్ది మందిలో డడ్లీ వాట్కిన్స్ ఒకరు. 1977లో లండన్ నుంచి 2000 ఏడీ అనే వారపత్రిక వచ్చాక, దాని ఆర్ట్ విభాగంలో ఉన్న కెవిన్ ఓనీల్ కథల పక్కన చిన్న పెట్టె గీసి పేర్లు వేయించారు. రచయిత, చిత్రకారుడితో పాటు అక్షరాలు రాసినవారి పేరు కూడా. అలా ఆ పత్రికలోని జడ్జ్ డ్రెడ్ కథలకు ఏళ్ల తరబడి అక్షరాలు రాసిన టామ్ ఫ్రేమ్ పేరు పాఠకులకు తెలిసింది. పేజీ అమర్చినవాడు, ప్రూఫ్ చూసినవాడు ఆ పెట్టెలో కూడా పట్టలేదు. నాకిది అన్యాయమనే అనిపిస్తుంది. పెద్దాయనకు అనిపించదు. ఈ వ్యాసం రాస్తున్నానంటే, తన పేరు వేయవద్దని గట్టిగా చెప్పారు.

బుడగల గురించి ఒక్క మాట. చిత్రకారుడు ముందు మాట్లాడేవాణ్ని కుడి పక్కన, జవాబు చెప్పేవాణ్ని ఎడమ పక్కన గీసి పంపిస్తాడు. ఇంగ్లిష్ చదివే కన్ను ఎడమ నుంచి వస్తుంది. ప్రశ్న కంటే ముందే జవాబు చదివేస్తుంది. అప్పుడు కుడివైపు బుడగను ఫ్రేము పైఅంచుకు ఎక్కించి, ఎడమవైపు దాన్ని నడుము దాకా దించాలి. ముఖాలు మూయకూడదు, చేతులు మూయకూడదు. కథ రాసినవారు ఇంకో వాక్యం ఎక్కువ రాసి ఉంటారు, తప్పకుండా.

ఊరి నడిబొడ్డున డాండీలోని పాత్ర డెస్పరేట్ డాన్‌కు కంచు విగ్రహం ఉంది, పెద్ద చుబుకంతో, పక్కన కుక్కతో. ఎండ వచ్చిన రోజు (ఏడాదికి కొన్ని ఉంటాయి) నా పులిహోర డబ్బా అక్కడే విప్పుతాను.

ఆ 48 పేజీల పుస్తకం అచ్చయి వచ్చాక ఒక ప్రతి నాన్నకు పంపాను. నాన్నకు ఇంగ్లిష్ రాదు. వీడియో కాల్‌లో పేజీలు తిప్పుతూ, "ఇందులో నీ పని ఏది?" అని అడిగారు. బొమ్మా కాదు, కథా కాదు అని చెప్పి, టోపీ సంగతి వివరించాను. టోపీ ఉన్నది ఒంటరిగానో, I'm లో లాగా పక్కన పైకామాతోనో ఉండాలని, మిగతా మాటల్లో రాకూడదని. ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. పోగులో ముడి కోసం బాబిన్లు తిప్పి చూసిన మనిషి. ఫోను బల్ల మీద పెట్టేసినట్టున్నారు, నాకు చాలాసేపు మా ఇంటి పైకప్పే కనిపించింది.

తరువాత పుస్తకం తెర నిండా వచ్చింది. 31వ పేజీ, కింది ఫ్రేము, వేలి గోరు పక్కన.

"ఇక్కడ ఒకటి వదిలేశావు, చూడు."