చౌరస్తా చావి, స్పెయిన్ యావే

మా అమ్మ అల్మారా చావి పోగొట్టుకోవడంతో మొన్న తాళం విప్పి పట్టుకెళ్లి, హనుమకొండ చౌరస్తాలో గొడుగు కింద కూర్చొని చావీలు చేసే పెద్దమనిషి ముందు అరగంట నిలబడ్డాను. ఆయన ఆకురాయితో అరగదీస్తున్నంతసేపూ ఫోనులో స్పానిష్ పాఠం తిరగేస్తుంటే 'యావే' అనే మాట ఎదురైంది. దాని అర్థం చావి.

దాని మూలం లాటిన్ 'క్లావిస్'. లాటిన్ మాటల మొదట వచ్చే క్ల, ప్ల, ఫ్ల జంటాక్షరాలు స్పానిష్‌లో చాలాచోట్ల కరిగిపోయి, రెండు ఎల్‌లతో రాసే ఒకే ధ్వనిగా మిగిలాయి. పిలవడమనే 'క్లామారే' 'యమార్' అయింది, నిండు అనే 'ప్లేనుస్' 'యేనో' అయింది, మంట అనే 'ఫ్లమ్మ' 'యామా' అయింది. ఇంగ్లిష్‌లోని క్లెయిమ్, ప్లెంటీ, ఫ్లేమ్ వీటికి వరుసగా చుట్టాలే.

పోర్చుగీసులో అవే జంటలు చకారంగా మారినందున అక్కడ క్లావిస్ 'చావె' అయింది. 1510లో గోవాను పట్టుకున్న పోర్చుగీసువారి నోట ఆ మాట మన దేశానికి చేరి, మరాఠీలో చావీగా, హిందీలో చాబీగా, మన ఇళ్లలో చావిగా స్థిరపడింది. నేడు లిస్బన్‌లో దాన్ని శకారంతో పలుకుతారు. ఆ రాజధాని వదిలేసిన పాత చకారం మా చౌరస్తాలో భద్రంగా ఉండడం నాకు భలే ముచ్చటేసింది. అన్నట్టు, అల్మారా కూడా పోర్చుగీసు సరుకే. దాని మూలం లాటిన్ 'అర్మారియుమ్', స్పానిష్ తోబుట్టువు 'అర్మారియో'.

ఇంగ్లిష్ 'కీ'కి మాత్రం ఈ వంశంతో సంబంధం లేదు. ఇంగ్లిష్‌లో క్లావిస్ సంతానం వేరే వేషాల్లో తిరుగుతోంది: సంగీతలిపిలోని క్లెఫ్, 'చిన్న చావి' అనే అర్థమున్న, మెడ కింద ఉండే క్లావికల్ ఎముక, పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే, తనంతట తానే బిగుసుకునే ఆసుపత్రి ఆటోక్లేవ్. క్యాథలిక్కుల మతాధిపతి పోప్ ఎన్నిక జరిగే కాన్‌క్లేవ్ అంటే తాళం వేయగల గది అని అర్థం. 1268లో ఇటలీలోని విటెర్బోలో మొదలైన ఎన్నిక 1271 దాకా తేలకపోవడంతో పోప్‌ను ఎన్నుకునే కార్డినల్స్‌ను నిజంగానే లోపల పెట్టి తాళం వేశారు. అలా ఎన్నికైన పదవ గ్రెగరీ 1274లో ఆ తాళాన్నే నియమంగా మార్చాడు.

స్పానిష్ మాట్లాడేవారిలో చాలామందికి నీటి కుళాయి కూడా యావే, నట్టు తిప్పే పానా కూడా యావే. సైజు మార్చుకునే పానాను వారు 'ఇంగ్లిష్ చావి' అంటారని చెబితే, పెద్దమనిషి తన పెట్టెలోని తుప్పుపట్టిన పానాను తీసి ఒకసారి తిప్పి చూసుకున్నాడు.