కుండీ నిమ్మలో ఆకుతొలుచు పురుగు: గుడ్డు నుంచి రెక్కల దాకా

తొలకరి వానలకు మేడ మీది నిమ్మ చిగురేసింది. ఈసారి ఒక కొమ్మకు మందు కొట్టకుండా ఆకుతొలుచు పురుగు కోసమే వదిలేశాను. పెద్దయ్యాక ఇది సీతాకోకచిలుకను పోలిన ఓ బుల్లి రెక్కల పురుగు (మాత్); శాస్త్రీయ నామం ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా. 1856లో దీన్ని మొదట వర్ణించింది కలకత్తా నమూనాలతోనే. 1993 నాటికి ఫ్లోరిడా నిమ్మజాతి తోటల్లోనూ దిగింది.

అన్నిటికన్నా గుడ్డు దొరకడమే కష్టం. లేతాకు అడుగున, నడిమి ఈనె పక్కన చూడాలి. సైజు మిల్లీమీటరులో మూడో వంతు, అచ్చం మంచుబొట్టులా ఉంటుంది. ఆకును ఎండకు ఏటవాలుగా తిప్పుతూ పది రెట్ల లెన్స్‌తో చూస్తే మెరుస్తుంది. ముదిరిన ఆకుల జోలికి తల్లి పురుగు పోదు, కాబట్టి అక్కడ వెతకడం దండగ.

గుడ్డులోంచి వచ్చిన పిల్ల నేరుగా ఆకులోకే దూరుతుంది. పైపొర కింద రసం తాగుతూ మెలికలు తిరిగిపోతుంది. వెండి చారల మధ్య సన్నటి నల్లగీత కనిపిస్తుందే, అది దాని మలం. నాకు బాగా నచ్చింది నాలుగో దశ: తిండి మానేసి ఆకు అంచుకు చేరి, పట్టుదారంతో అంచును మడిచి అందులో ప్యూపా (రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశ) అవుతుంది.

అంచు మడత పడ్డ రెమ్మల్నే కోశాను. మొదలుకు తడి దూది చుట్టి, పారదర్శకమైన డబ్బాలో పెట్టి, మూతకు బదులు పలచటి గుడ్డ కట్టాను. అడుగున టిష్యూ తప్పనిసరి, లేకపోతే చెమ్మకు రెక్కలు అతుక్కుపోతాయి. రెక్కల పురుగులు తెల్లవారుజామునే బయటికొస్తాయి, కెమెరా రాత్రే సిద్ధం చేసుకోవాలి. వెనక నల్ల కాగితం ఉంటే ఫోటో బాగా వస్తుంది.

రెక్కలు చాపితే నాలుగైదు మిల్లీమీటర్లు, అంతే! వెండి తెలుపు, గోధుమ చారలు, ముందురెక్క కొసన ఒక్క నల్లచుక్క, అంచునంతా కుచ్చులా వెంట్రుకలు. ఇంత అందం దోమకన్నా చిన్న ఒంట్లో! కొన్ని మడతల్లోంచి మాత్రం దీన్ని తిని పెరిగిన బుల్లి పరాన్నజీవి కందిరీగలు వచ్చాయి. విచ్చలవిడిగా మందు కొడితే ముందు పోయేది ఇవే.

వేడిని బట్టి మొత్తం జీవితచక్రం 13 నుంచి 52 రోజులు. చారలు పడ్డ ఆకుల్ని తెంపకండి, మిగిలిన పచ్చదనం చెట్టుకు తిండి పెడుతుంది. చిన్న మొక్కయితే చిగురు దశలోనే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి కొట్టండి. వానల్లో ఈ గాయాల గుండానే గజ్జి తెగులు దూరుతుంది. యూరియా తగ్గిస్తే చిగుర్లు అదుపులో ఉంటాయి.

పక్క కుండీలో బత్తాయి చిగురేయగానే ఇదే డబ్బా అటు మారుస్తాను.