ఎండోస్కోపీ నార్మల్ సరే, వెనక్కి తిరిగి చూశారా?

పొట్ట పైభాగంలో పట్టేసినట్టు ఉండడం, నాలుగు ముద్దలు తినగానే ఉబ్బరం, త్రేన్పులు, అప్పుడప్పుడూ వికారం. ఇలాంటి వాటికి మన దగ్గర 'గ్యాస్' అన్న ఒక్క మాటతో మందులు మొదలవుతాయి. చాలామందికి అంతటితో తగ్గిపోతుంది కూడా. తగ్గనివాళ్లలో బహు అరుదుగా కనిపించేది గ్యాస్ట్రిక్ డైవర్టిక్యులమ్. అంటే జీర్ణాశయం గోడ ఒకచోట బయటికి ఉబ్బి, చిన్న సంచిలా తయారవడం. ఎండోస్కోపీల్లో ఇది బయటపడేది 0.01 నుంచి 0.11 శాతం మందిలోనే.

ఈ సంచులు ఎక్కువగా ఉండేది ఫండస్ (జీర్ణాశయం పైభాగం) వెనక గోడకి, అన్నవాహిక కలిసే చోటుకి సుమారు 2 సెం.మీ. కింద. సైజు మామూలుగా 1–3 సెం.మీ. చిక్కంతా ఆ చోటుతోనే. స్కోపు (ఎండోస్కోపీ గొట్టం) కిందికి దిగేటప్పుడు కెమెరా ముందుకే చూస్తుంది, సంచి మూతి వెనకే ఉండిపోతుంది. లోపలికి వెళ్లాక కొసను 'జె' ఆకారంలో వెనక్కి వంచి, గాలి బాగా నింపి మడతలు విప్పాలి. గాలి చాలకపోతే మూతి ఆ మడతల్లోనే కలిసిపోతుంది. రిపోర్టు ఫొటోల్లో పైనుంచి దిగుతున్న నల్లటి గొట్టం కనిపించిందంటే, అది వెనక్కి తిరిగి తీసినదే.

సీటీలో ఇంకో తిరకాసు. ఎడమ కిడ్నీ పైన హార్మోన్లు తయారుచేసే అడ్రినల్ గ్రంథి ఆ పక్కనే ఉంటుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు నీళ్లు నిండిన సంచి అచ్చం అడ్రినల్ గడ్డలా కనిపిస్తుంది. పాపం, హార్మోన్ పరీక్షలన్నీ చేయించుకున్నాక అసలు సంగతి తెలిసినవాళ్లూ ఉన్నారు. అనుమానం వస్తే, తాగే కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టంగా కనిపించే ద్రవం) ఇచ్చి బోర్లా పడుకోబెట్టి మళ్లీ తీయాలి. లోపలికి గాలి బుడగో, కాంట్రాస్టో చేరితే అది గ్రంథి కాదు. బేరియం పరీక్షైతే (బేరియం ద్రవం తాగించి తీసే ఎక్స్‌రే) పక్కకి తిప్పి తీయాలి. ఎదురుగా తీస్తే నిండిన ఫండస్ నీడలో సంచి కలిసిపోతుంది.

సంచి దొరికింది కదా అని నొప్పంతా దాని మీదికి నెట్టకూడదు. చాలామందిలో అది ఏ బాధా పెట్టదు. అల్సర్, హెచ్.పైలోరీ (జీర్ణాశయంలో చేరే బ్యాక్టీరియా), పిత్తాశయంలో రాళ్లు లేవని ముందు తేల్చుకోవాలి. ఎండోస్కోపీలో సంచిని తాకితే అదే నొప్పి వస్తే అనుమానం బలపడుతుంది.

ముందుగా ఆమ్లం తగ్గించే మందులే. వాటితో బాధ తగ్గొచ్చు గానీ సంచి పోదు. రక్తస్రావమైనా, చిల్లు పడినా, మందులకి లొంగకపోయినా, 4 సెం.మీ. దాటినా ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. లాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) స్టేప్లర్‌తో, అంటే కోస్తూనే కుట్లు వేసే పరికరంతో, కోసేస్తారు. కోయడం కన్నా వెతకడమే కష్టం. సంచి చప్పబడి ప్లీహం దగ్గరి కొవ్వులో దాక్కుంటుంది. అందుకే అదే సమయంలో నోట్లోంచి స్కోపు దించి, గాలి ఊది ఉబ్బిస్తారు.