పచ్చడి సీసా మూత

పొద్దున్నే పచ్చడి సీసా మూత తిప్పలేక మావాడి చేతికిచ్చాను, ఒక్క మెలికతో తీసేసి "ఇంతేనా అమ్మా" అన్నాడు. ఇంతే రా నాయనా.

నా వేళ్ల నొప్పుల్ని 2 ఏళ్లు చికున్‌గున్యా నొప్పులన్నారు, తర్వాత కాల్షియం తక్కువన్నారు, మా అత్తయ్యయితే వంకాయ మానేయమంది, మానేశాను కూడా. చివరికి యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలో రుమటాయిడ్ అని, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే కీళ్ల మీద దాడిచేసే జబ్బని, బయటపడేసరికి ఎక్స్‌రేలో వేలి కణుపులు అరిగిపోయి ఉన్నాయి.

దానికిచ్చిన మందు మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే, నాకు ఆదివారం. సోమవారమంతా వికారం. 6 నెలలైనా వాపు పూర్తిగా తీయలేదు, అందుకే ఇవాళ డాక్టరుగారు రెండు దారులు చెప్పారు: ఇంకో రెండు రకాల మాత్రలు కలపడమా, ఆ దాడిని అణిచే బయోలాజిక్ ఇంజెక్షన్‌కి వెళ్లడమా; అది ఒంట్లో దాగిన టీబీని లేపొచ్చు కాబట్టి ముందు టీబీ పరీక్ష చేయించుకోవాలి. ఇంజెక్షన్ ఖరీదు వింటే గుండె గుభేలుమంది.

వారం టైమిచ్చారు. ఈలోగా మూతలన్నీ వదులుగా పెట్టమని ఇంట్లో చెప్పాను.