పాలిష్ లైన్లో 140 నిమిషాలు ఎక్కడ పోయాయి: నా అనుభవం

నిన్న రాత్రి షిఫ్టులో మా గ్రానైట్ పాలిష్ లైన్ మీద 83 మంచి స్లాబులు (రాతి పలకలు) దిగాయి. రెండు నెలల కిందట ఇదే లైను, ఇదే మనుషులు, 63 దాటేది కాదు. కొత్త మిషను కొనలేదు, ఒక్కరినీ పనిలోంచి తీయలేదు, ఓవర్‌టైము వేయలేదు. చీమకుర్తి, మద్దిపాడు చుట్టుపక్కల గ్రానైట్ ఫ్యాక్టరీల్లో ఇన్‌చార్జులకు పనికొస్తుందని అంకెలతో సహా రాస్తున్నాను.

ముందు లెక్క. గెలాక్సీ (చీమకుర్తి నల్ల గ్రానైటు) స్లాబు మా దగ్గర సగటున 2.8 మీటర్ల పొడవు, రెంటి మధ్య 10 సెంటీమీటర్ల ఖాళీ. బెల్టు నిమిషానికి 80 సెంటీమీటర్లు. భోజనం పోను షిఫ్టుకు 450 నిమిషాలు. ఎక్కడా ఆగకుండా, ఒక్కటీ తిరిగి పాలిష్‌కు రాకుండా నడిస్తే 124 రావాలి. వచ్చేది అందులో సగం. ఇది తేలడానికి అరగంట చాలు.

ఆ మిగతా సగం సంగతి రిజిస్టరులో ఉంటుందని తిరగేశాను. ప్రతి పేజీలో ‘కరెంటు పోయింది, 30 ని.’, ‘కరెంటు పోయింది, 1 గంట’. షిఫ్టు దిగేటప్పుడు గుర్తున్నంత వరకు రాసినవి. 7 నిమిషాలు, 13 నిమిషాలు అనే ఎంట్రీ ఒక్కటీ కనపడని రిజిస్టరును నమ్మొద్దు.

సరే, నేనే కొలుస్తానని స్టాప్‌వాచీ, అట్ట తీసుకుని లైను పక్కన నిలబడ్డాను. జన్మలో మళ్లీ ఆ పని చేయను. పది నిమిషాలకే ఆపరేటరు బెల్టు వేగం తగ్గించాడు. ఒడిశా కుర్రాళ్లు స్లాబు ఎత్తే ముందు నావైపు చూసి, ఒకరితో ఒకరు ఏదో అనుకుని, మరీ నిదానంగా ఎత్తారు. పదిహేనేళ్ల నుంచి నన్ను ‘అన్నా’ అని పిలిచే పెద్ద ఆపరేటరు మిషను ఆపి అందరిముందూ అడిగాడు: “ఏందన్నా, వాచీ పట్టుకున్నావు? ఎవురిని తీసేస్తారు? మేం ఒంటికి పోయేది కూడా రాసుకుంటావా?” నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు 54 స్లాబులే వచ్చాయి. మరుసటి రోజు ఇంకా తక్కువ.

వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. అంతకు ముందు ఏడాది ఒక కన్సల్టెంటు వచ్చి నేల మీద పసుపు గీతలు గీయించి, సెయిరి (అక్కర్లేనివి ఏరేయడం), సెయిటన్ (ఉన్నవి సర్దుకోవడం) అంటూ జపాను మాటల బోర్డు కట్టించి, ఫీజు తీసుకుని పోయాడు. పోతూ పోతూ ‘ఇద్దరు ఎక్కువున్నారు’ అని రాసిచ్చాడు. ఆ ఇద్దరినీ తీసేశారు. అంత జరిగాక మనిషి ముందు వాచీ పట్టుకుంటే ఎవరు నమ్ముతారు? ఏ ఫ్యాక్టరీ అయినా సరే, మనిషిని కొలవడం మొదలెట్టిన రోజే నిజం దాక్కుంటుంది. కొలవాల్సింది మిషను ఆగిన నిమిషాన్ని.

మూడో రోజు వాచీ పక్కన పెట్టి, యజమానితో ఒక మాట అనిపించాను: ఈ అంకెల మీద ఎవరి కూలీ కోయం, ఎవరినీ తీయం. ఆ మాట ఆయన ఆఫీసులో నాతో కాదు, లైను దగ్గర వాళ్లతో అనాలని పట్టుబట్టాను. తర్వాత ప్యానెల్ బోర్డుకు ఒక అట్టకార్డు వేలాడదీశాం. మూడు గడులు: ఆగిన టైము, నడిచిన టైము, కారణం. కారణాలు నాలుగే: స్లాబు రాలేదు, రాళ్లు (మిషను హెడ్లకు బిగించే పాలిష్ రాళ్లు) మార్చాం, స్లాబు మందం మార్చాం, కరెంటు లేదా నీళ్లు ఆగాయి. పేరు రాసే గడి లేదు. ఆగిన క్షణంలోనే ఆపరేటరు గీత గీయాలి, షిఫ్టు దిగేటప్పుడు కాదు.

ఆరు రోజుల్లో షిఫ్టుకు సగటు ఇదీ. స్లాబు కోసం కాచుకున్నది 58 నిమిషాలు, రాళ్లు మార్చింది 44, మందం రెండు సెంటీమీటర్ల నుంచి మూడుకు మార్చింది 26, కరెంటూ నీళ్లూ కలిపి 12. మొత్తం 140. ఏళ్లుగా తిట్లు తిన్న కరెంటుది చివరి వాటా.

నడిచిన 310 నిమిషాలకు 85 రావాల్సింది 70 వచ్చాయి, అందులో 7 తిరిగి పాలిష్‌కు. అందుబాటు (450లో 310) 69 శాతం, వేగం (85లో 70) 82, నాణ్యత (70లో 63) 90. మూడూ గుణిస్తే 51 శాతం. ఓఈఈ (ఓవరాల్ ఎక్విప్‌మెంట్ ఎఫెక్టివ్‌నెస్, మిషను మొత్తం పనితీరు అంకె) అనేది ఇదే. మొత్తం అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు, మూడు ముక్కలుగా చూడాలి.

58 నిమిషాలకు కారణం క్రేను. కటింగ్ వైపు, పాలిష్ వైపు ఒకటే క్రేను. కట్టర్ దగ్గర బ్లాకు దించుతుంటే లైను ఖాళీగా తిరిగేది. షిఫ్టు ఎక్కే ముందే లైను పక్క స్టాండు మీద 12 స్లాబులు నిలబెట్టడం, అవి ఆరుకు తగ్గితే క్రేను ముందు ఇటు రావడం, ఈ రెండిటితో 58 కాస్తా 20 అయింది.

రాళ్ల సంగతికి కాస్త ఓపిక కావాలి. ముతక హెడ్ల రాళ్లు త్వరగా అరుగుతాయి, నున్నవి నిదానంగా. ఒక్కోటి అరిగినప్పుడల్లా ఆపితే షిఫ్టంతా ఆగుడే. పోనీలే అని వదిలేస్తే ముతక హెడ్ వేసిన గీత తర్వాతి హెడ్లకు పోదు. నల్లరాయి కాబట్టి ట్యూబ్‌లైటు ఏటవాలుగా పడితే ఆ గీత వెంట్రుకలా కనిపిస్తుంది, స్లాబు వెనక్కి. జపాను ఇంజినీరు షిగెయో షింగో 1969లో టయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్సు డై (అచ్చు) మార్పును నాలుగు గంటల నుంచి మూడు నిమిషాలకు తెచ్చింది ఒకే సూత్రం మీద: మిషను నడుస్తుండగా చేయగలిగిన పనిని మిషను ఆపి చేయొద్దు. మా దగ్గర రాళ్లు ఆపిన తర్వాత స్టోరుకు పోయి తెచ్చేవాళ్లు. ఇప్పుడు హెడ్ల వరుసలోనే ట్రాలీ మీద సెట్లు సిద్ధం. రెండు గంటలకోసారి చూసి, అరిగినవన్నీ ఒకేసారి మారుస్తున్నాం. 44 కాస్తా 22కు దిగింది.

మందం మార్పుకు పెద్ద తెలివి అక్కర్లేదు, రెండు సెంటీమీటర్లవి పగలు, మూడువి రాత్రి. 26 నుంచి 14. పార్టీ ఫోన్ చేసి అర్జంటు అంటే మధ్యలో ఎక్కించొద్దు. మార్కెటింగ్ వాళ్లతో నాకు ఇప్పటికీ దీనిమీదే గొడవ.

ఇంకా షిఫ్టుకు సగటున 5 స్లాబులు వెనక్కి వస్తున్నాయి. వాటిలో నాలుగింట మూడు వంతులు సోమవారం పొద్దున్నవే. ఆదివారం లైను ఆగినప్పుడు నీళ్ల తొట్టిలో స్లర్రీ (రాతిపొడి బురద) అడుగున పేరుకుని, మొదలెట్టగానే ఆ నీళ్లే హెడ్ల కిందికి వస్తున్నాయని అనుమానం. ఈ వారం తొట్టి దగ్గర కూడా ఒక కార్డు వేలాడదీశాం. గీతలు పెద్ద ఆపరేటరే గీస్తున్నాడు.