కంపెనీ బస్సులో నేర్చుకున్న పని

పరకాల వైపు మా ఊళ్లకు సెలవు మీద వెళ్తే, గల్ఫ్‌కు రావాలనుకునే తమ్ముళ్లు వచ్చి కూర్చుంటారు. ఏజెంటుకు ఎంత కట్టాలి, అప్పు ఎంత మిత్తికి దొరుకుతుంది, కంపెనీ తిండి పెడుతుందా అని అడుగుతారు. అవన్నీ అడగాల్సినవే. కానీ అక్కడికి పోయాక ఏం నేర్చుకోవాలి, ఎట్లా నేర్చుకోవాలి అని అడిగినవాళ్లు తక్కువ. ఇన్నేళ్ల దుబాయ్ బతుకులో నన్ను నిలబెట్టింది మాత్రం అదే.

నేను స్టీల్ ఫిక్సర్‌గా వచ్చాను. మన దగ్గర రాడ్ బెండింగ్ పని అంటారు. సైటులో మాలాంటివాళ్లం వందలమంది. అందరి చేతుల్లో అదే బైండింగ్ వైరు, అందరి నెత్తి మీద అదే ఎండ. మా పనిలో ఫిక్సర్‌కూ ఛార్జ్‌హ్యాండ్‌కూ అసలు తేడా డ్రాయింగ్ దగ్గరే. ఛార్జ్‌హ్యాండ్ కాగితం చూసి పని చెప్తాడు, ఫిక్సర్ అతను చెప్పింది చేస్తాడు. జీతం కూడా అక్కడే విడిపోతుంది.

ఆ కాగితంలో భయపడాల్సింది నిజంగా ఏమీ లేదు. ‘టీ12-200 బీ1’ అని రాసి ఉంటే 12 ఎంఎం రాడ్లు, సెంటర్ నుంచి సెంటర్‌కు 200 ఎంఎం దూరం, స్లాబ్ అడుగున అన్నిటికంటే కింది వరుస అని. దాని మీద అడ్డంగా పరిచేది బీ2. పై జాలీలో అన్నిటికంటే పైన ఉండేది టీ1 (ఇక్కడ టీ అంటే టాప్), దాని కింద టీ2. రాడ్డు వంపులకు బ్రిటిష్ స్టాండర్డ్ ప్రకారం నంబర్లుంటాయి. 00 అంటే వంపు లేనిది, 11 అంటే ఒక మూల తిరిగినది, 21 అంటే రెండు వైపులా తిరిగినది, 51 అంటే మనం రింగు అనేది. మీటరు రాడ్డు ఎన్ని కిలోలో తెలియాలంటే ఎంఎంలో ఉన్న మందాన్ని అదే అంకెతో గుణించి 162తో భాగిస్తే చాలు. 12 ఎంఎం అయితే 144 బై 162, అంటే దాదాపు 0.89 కిలోలు.

ఇదంతా నేర్చుకోవడానికి టైమ్ ఎక్కడిది? దుబాయ్‌లో కూలీలుండే సోనాపూర్ క్యాంపులో తెల్లవారక ముందే లేవాలి, బాత్రూమ్ దగ్గర లైను కట్టాలి, డబ్బా కట్టుకుని బస్సెక్కాలి. సాయంత్రం వచ్చాక వంట వంతు, ఇంటికి ఫోను, అంతే, నిద్ర ముంచుకొస్తుంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ రూలుంది. ఆ టైమ్‌లో చదువుకోవచ్చు కదా అంటారు కొందరు. వద్దు. అది ఒళ్లు ఆరబెట్టుకునే టైమ్, నీళ్లు తాగి నడుం వాల్చాల్సిందే.

మిగిలింది బస్సు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన మా ఫోర్‌మన్ అన్న నాకు బార్ షెడ్యూల్ (ఏ రాడ్డు ఎంత పొడవు, ఏ వంపు అని రాసే పట్టిక) జిరాక్స్ ఒకటి ఇచ్చి, ‘‘పొద్దున పోయేటప్పుడు ఒక్కటి చూడు తమ్మీ. వాపస్ వచ్చేటప్పుడు కాగితం చూడకుండ గియ్యి’’ అన్నాడు. అంతకుమించి పాఠం ఏమీ చెప్పలేదు. కిటికీ పక్క సీట్లో కూర్చోగానే చెయ్యి జేబులోని నోట్‌బుక్ కోసం పోయేలా అలవాటైంది.

చూడకుండా గీయడంలో ఎంత బలముందో తర్వాత చదివితే తెలిసింది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు విద్యార్థుల మీద ఒక పరీక్ష చేశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే, మళ్లీ మళ్లీ చదివినవాళ్లే బాగా చెప్పారు. వారం తర్వాత అడిగితే మాత్రం, పుస్తకం మూసి గుర్తు చేసుకోవడం మీద కష్టపడ్డవాళ్లు ముందున్నారు. మన బడుల్లో పైకి చదవడమే చదువు అనుకున్నాం. గుర్తు రాక తన్నుకులాడే ఆ కాసేపట్లోనే అది తలకెక్కుతుంది. గుర్తు రాకపోతే మనకు చదువు రాదనుకుని కాగితం మడిచి పెట్టేయడమే నష్టం.

అలవాటు గురించి లండన్‌లో చేసిన ఇంకో పరిశోధన ఉంది. ఒక పని ఆలోచించకుండానే జరిగిపోయేంత అలవాటు కావడానికి సగటున 66 రోజులు పట్టిందట. కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం లేదని కూడా అందులో ఉంది. ఓవర్‌టైమ్ చేసి ఒళ్లు హూనమైన రోజున నోట్‌బుక్ తీయలేకపోతే దిగులు పడక్కర్లేదు, మర్నాడు తీస్తే సరిపోతుంది.

మా రూములో సిరిసిల్ల కాక ఒకాయన ఉన్నాడు. ఊళ్లో సాంచాలు (మరమగ్గాలు) నడిపిన మనిషి. షెడ్డులో అన్ని మగ్గాలు ఒక్కసారి మోగుతుంటే, ఏ సాంచలో పోగు తెగిందో చప్పుడు బట్టి చెప్పగలిగేవాడు. డ్రాయింగ్ మాట ఎత్తితే మాత్రం, ‘‘నాకెక్కడ అస్తది తమ్మీ, పది ఫెయిలైనోన్ని’’ అని పక్కకు తిరిగి పడుకునేవాడు. పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తుంది. అది గల్ఫ్ లాంటి దేశాలకు పనికి పోయేటప్పుడు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని పెట్టిన రక్షణ. దాన్నే తన తెలివికి ఇచ్చిన సర్టిఫికెట్ అనుకుని బతుకుతున్నాడు ఆ పెద్దమనిషి. నాకు చాలా బాధేసేది.

‘‘పిక్కుల (అడ్డపోగుల) లెక్కన కూలి కట్టుకున్నోడివి కాకా, ఇదెట్ల రాదు?’’ అని ఒక ఆదివారం పక్కన కూర్చోబెట్టుకున్నాను. 162 లెక్క నేను ఒకసారి చేసి చూపించాను. 16 ఎంఎం రాడ్డుకు తనే వేశాడు: 256 బై 162, ఒకటి పాయింట్ ఐదు ఎనిమిది. ఫోన్‌లో సరి చూసుకుని, ఇంకో సైజు చెప్పమన్నాడు. ఆ రాత్రి వంట ఆలస్యమైంది.

ఈమధ్య ఒక స్లాబులో ఇన్‌స్పెక్షన్‌కు ముందు బీ1, బీ2 తారుమారైన సంగతి అందరికంటే ముందు పట్టుకున్నది ఆ కాకే. కాంక్రీటు పోశాక అయితే ఎవరూ ఏమీ చేయలేకపోయేవాళ్లం. ఇప్పుడు కొత్తగా వచ్చిన హెల్పర్లకు ఆయనే వంపుల నంబర్లు చెప్తున్నాడు. నేర్పేటప్పుడు తనకు ఎక్కడ తెలియదో బయటపడుతుంది, అప్పుడు వచ్చి నన్ను అడుగుతాడు.

రావాలనుకునే తమ్ముళ్లూ, వీసా చేతికి వచ్చేదాకా ఆగకండి. హైదరాబాద్‌లో నిర్మాణ పనులు నేర్పే సంస్థ న్యాక్‌లో రాడ్ బెండింగ్, మేస్త్రీ పని, కరెంటు పని నేర్పుతారు. వరంగల్‌లో ఐటీఐ ఉంది. అదీ కుదరకపోతే హనుమకొండలో కడుతున్న ఏ అపార్టుమెంటు దగ్గరికైనా పోయి, డ్రాయింగ్ ఒకసారి చూపించమని ఇంజినీరును అడగండి. చూపించేవాళ్లు ఉంటారు. ఇంటికొచ్చాక కాగితం చూడకుండా గీయండి.