నా పేరు లేని లిస్టు

పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటే చివరికి మిగిలిన క్వెరీ, అంటే డేటాబేస్‌ని ఎస్‌క్యూఎల్ అనే భాషలో అడిగే ప్రశ్న, పట్టుమని పది లైన్లు లేదు. ఒళ్లు మాత్రం బస్తాలు మోసినట్టుంది.

అడిగింది చిన్న పనే. ఈ ఏడాది ఒక్క పుస్తకం కూడా ఇష్యూ చేయించుకోని మెంబర్ల లిస్టు కావాలి. వాళ్లకి గుర్తు చేస్తూ ఉత్తరాలు పంపుతారట. మా లైబ్రరీ డేటాబేస్‌లో దీనికి పనికొచ్చేవి రెండే టేబుళ్లు. ఒకటి మెంబర్లది: నంబరు, పేరు, చేరిన తేదీ. రెండోది ఇష్యూలది: ఇష్యూ నంబరు, ఏ మెంబరు, ఏ పుస్తకం, ఏ తేదీన. మొదటి టేబుల్లో ఉండి రెండోదాంట్లో లేనివాళ్లెవరు? నోటితో అయితే ఒక్క వాక్యం. రాయడానికీ అంతే అనుకున్నాను.

మెంబర్ల టేబుల్ నుంచి పేర్లు సెలెక్ట్ చెయ్యి, వేర్ మెంబర్ నంబర్ నాట్ ఇన్ (అంటే ఎవరి నంబరు ఈ లిస్టులో లేదో వాళ్లనే), ఆ తర్వాత బ్రాకెట్లో ఇష్యూల టేబుల్ నుంచి ఈ ఏడాది మెంబర్ నంబర్లు. సెమీకోలన్ పెట్టి రన్ చేశాను.

సున్నా వరుసలు.

ఎర్రర్ వచ్చినా బాగుండేది. ఎర్రగా ఏదో కనిపిస్తే వెంటనే వెతకడం మొదలుపెడతాం. ఇదేమో రెప్పపాటులో, ఎంతో మర్యాదగా, ఎవరూ లేరండీ అని చెప్పేసింది. నేనూ నమ్మేశాను. పోనీలే, అందరూ చదువుతున్నారు, ఉత్తరాల పని తప్పింది అనుకుంటూ మెయిల్ మొదలుపెట్టాను కూడా. "ఈ ఏడాది పుస్తకం తీసుకోని మెంబర్లు ఎవరూ లేరు" అని టైప్ చేస్తుండగా వేళ్లు ఆగిపోయాయి.

నేనున్నాను కదా!

ఉద్యోగంలో చేరిన రోజు అందరికీ ఇచ్చినట్టే నాకూ మెంబర్‌షిప్ కార్డు ఇచ్చారు. దాని మీద ఈ ఏడాది ఒక్క పుస్తకమూ తీసుకోలేదు. లైబ్రరీలో పని చేస్తూ పుస్తకం ముట్టుకోలేదని రాసుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఈరోజు పరువు దక్కింది ఆ బద్ధకం వల్లే.

మెంబర్ల టేబుల్లో నా నంబరు ఉంది. ఇష్యూల టేబుల్లో లేదు. మరి నాట్ ఇన్ అన్నప్పుడు నేనెందుకు రాలేదు? అరగంట స్పెల్లింగులు చూశాను, తేదీలు చూశాను. నాట్ తీసేసి ఒట్టి ఇన్ పెడితే శుభ్రంగా పని చేస్తోంది, పుస్తకాలు తీసుకున్నవాళ్లంతా వస్తున్నారు. దాంతో బుర్ర ఇంకా వేడెక్కింది.

పక్క సీటు సీనియర్ మేడమ్ అటుగా వెళ్తూ స్క్రీన్ వైపు ఒక చూపు చూశారు. "ఆ లోపలి లిస్టులో నల్ ఏమన్నా ఉందేమో చూశావా?"

"మెంబర్ నంబర్ లేకుండా పుస్తకం ఎలా ఇష్యూ చేస్తారు మేడమ్?"

"నన్నడిగితే నాకేం తెలుసు? దాన్నే అడుగు."

అడిగాను. వేర్ మెంబర్ నంబర్ ఈజ్ నల్. మూడు వరుసలు వచ్చాయి. బైండింగుకి పంపిన పుస్తకాల్ని ఎవరో ఇష్యూల్లోనే ఎక్కించి, మెంబర్ నంబర్ దగ్గర ఏమీ పెట్టకుండా వదిలేశారు. వేల వరుసల్లో మూడంటే మూడు. ఆ మూడూ కలిసి లిస్టు మొత్తాన్ని మింగేశాయి.

ఎలా మింగాయో కాగితం మీద రాసుకుంటే గానీ నాకు ఎక్కలేదు. నా నంబరు 17 అనుకుందాం. లోపలి లిస్టులో 4, 9, ఒక నల్ ఉన్నాయి. 17 నాట్ ఇన్ అంటే డేటాబేస్ దాన్ని విడగొట్టుకుంటుంది: 17 అనేది 4 కాదు, ఇంకా 9 కాదు, ఇంకా నల్ కాదు. మొదటిది నిజం. రెండోది నిజం. మూడోది? నల్ అంటే సున్నా కాదు, ఏమీ రాయని మాటా కాదు, అక్కడ ఏముందో తెలియదని అర్థం. తెలియనిది 17 కాదని ఎలా చెప్పడం? కాబట్టి ఆ ముక్కకి జవాబు కూడా తెలియదనే వస్తుంది. నిజం, ఇంకా నిజం, ఇంకా తెలియదు, మొత్తం కలిపితే తెలియదు. వేర్ దగ్గర నిజం అని తేలిన వరుసకే ప్రవేశం. అబద్ధమూ బయటే, తెలియదూ బయటే. అంటే లిస్టులో ఒక్క నల్ దూరితే చాలు, ఎవరి నంబరైనా ఆ గుమ్మం దాటదు. ఒట్టి ఇన్‌కి ఈ పేచీ లేదు, ఎందుకంటే 4 ఎక్కడో ఒకచోట 4తో సరిపోతే అక్కడితో అది నిజమైపోతుంది. పొద్దున నన్ను తికమక పెట్టింది ఇదే.

ఇదేదో తర్వాత అతికించిన తలనొప్పి కాదు. డేటాని ఇలా టేబుళ్లుగా పెట్టే రిలేషనల్ పద్ధతిని 1970లో ప్రతిపాదించిన ఐబీఎం శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్, 1985లో నియమాల చిట్టా రాసినప్పుడు మూడోది దీనికే కేటాయించాడు: లేని సమాచారాన్ని సున్నాతోనూ ఖాళీ మాటతోనూ కలపకుండా వేరుగా చూడాలని. ఆ చిట్టాని 12 నియమాలు అంటారు గానీ సున్నా నంబరుతో మొదలవుతుంది కాబట్టి లెక్కకి 13. నల్ అసలు ఉండకూడదని వాదించినవాళ్లూ ఉన్నారు. పొద్దున పదకొండు గంటలకి నేనూ ఆ పార్టీయే. మధ్యాహ్నానికి మనసు మారింది. బైండింగుకి పోయిన పుస్తకానికి మెంబర్ ఎవరని అడిగితే ఏం రాస్తారు పాపం? సున్నా అని రాసి ఉంటే సున్నా నంబరు మెంబర్ ఒకడు పుట్టుకొచ్చేవాడు.

లోపలి క్వెరీలో ఈజ్ నాట్ నల్ అని ఒక్క మాట చేరిస్తే పని అయిపోయేది. లేదా నాట్ ఎగ్జిస్ట్స్‌తో రాస్తే ఆ మూడు వరుసలూ ఎవరితోనూ జతపడక వాటి మానాన అవి ఉండేవి. నేనేమో, పనిలో పని, లెఫ్ట్ జాయిన్ కూడా నేర్చుకుందామని దానికి పోయాను. మెంబర్లందరినీ ఎడమవైపు నిలబెట్టి, పక్కన వాళ్ల ఇష్యూలు జోడించడం. జోడు దొరకనివాళ్ల పక్కన కాలమ్‌లన్నీ నల్‌తో నిండుతాయి. వాళ్లనే ఏరుకుంటే సరి.

వేర్ ఇష్యూ తేదీ ఈ జనవరి 1 నుంచి, అండ్ ఇష్యూ నంబర్ ఈజ్ నల్. రన్.

మళ్లీ సున్నా.

ఈసారి మేడమ్‌ని పిలవలేదు. రెండుసార్లు పైకి చదువుకుంటే నవ్వొచ్చింది. ఇష్యూయే లేనివాడికి ఇష్యూ తేదీ ఎక్కడిది? ఒకే నోటితో తేదీ చూపించమంటున్నాను, అసలు ఇష్యూయే ఉండకూడదంటున్నాను. తేదీ షరతు జోడించేటప్పుడే పెట్టాలి, జోడించాక కాదు. దాన్ని వేర్ నుంచి పీకి, ఏ వరుస దేనితో జతపడాలో చెప్పే ఆన్ పక్కకి మార్చాను. 143 వరుసలు. గబగబా కిందకి జరిపాను. 96వ పేరు నాది. పరీక్షల్లో కూడా నా నంబరు కోసం ఇంత ఆత్రంగా వెతుక్కోలేదు.

లిస్టు పంపి ఊపిరి పీల్చుకునేలోగా జవాబు వచ్చింది: బాగుంది, మెంబర్లందరి పేర్ల పక్కన ఎవరు ఎన్ని తీసుకున్నారో కూడా పెట్టగలరా? అదే జాయిన్, ఈజ్ నల్ తీసేసి గ్రూప్ బై మెంబర్, కౌంట్ స్టార్, అంటే ఒక్కో మెంబర్ వరుసల్ని ఒక గుంపు చేసి లెక్కపెట్టమని. ఇప్పుడు అలవాటైంది కదా, ముందు నా పేరే చూశాను. పక్కన 1 అని ఉంది. తీసుకోని పుస్తకం ఒకటి నా ఖాతాలో పడింది! కౌంట్ స్టార్ వరుసల్ని లెక్కపెడుతుంది. నా పక్కన నల్‌లతో నిండినది కూడా ఒక వరుసే మరి. స్టార్ తీసి ఇష్యూ నంబర్ పెడితే నల్‌లని వదిలేసి లెక్కించి, నాకు రావాల్సిన సున్నా ఇచ్చింది. సున్నా చూసి సంతోషించింది ఈరోజే.

పదికి పైగా తీసుకున్నవాళ్లని వేరే చూద్దామని ఆ లెక్కకి "ఎన్ని" అని పేరు పెట్టి, వేర్‌లో ఆ పేరే వాడితే అలాంటి కాలమ్ లేదంది. మనం సెలెక్ట్ ముందు రాస్తాం గానీ అర్థం చేసుకునే వరుస వేరు: ఫ్రమ్, వేర్, గ్రూప్ బై, గుంపుల మీద షరతు పెట్టే హ్యావింగ్, ఆ తర్వాత గానీ సెలెక్ట్ వంతు రాదు. వేర్ నాటికి నేను పెట్టిన పేరు ఇంకా పుట్టనే లేదు. హ్యావింగ్‌లో కౌంట్‌నే మళ్లీ రాస్తే ఒప్పుకుంది.

వెళ్లేముందు మేడమ్ అడిగారు, "ఏమైంది నీ సీక్వెల్?" నేను ఎస్‌క్యూఎల్ అంటాను, ఆవిడ సీక్వెల్ అంటారు. నిజానికి పాత పేరు ఆవిడదే. 1974లో ఐబీఎంలో చాంబర్లిన్, బోయిస్ అనే ఇద్దరు దీన్ని బయటపెట్టినప్పుడు పేరు సీక్వెలే. ఆ పేరు మీద ఒక బ్రిటిష్ విమానాల కంపెనీకి ట్రేడ్‌మార్క్ ఉందని తేలి, అచ్చులన్నీ ఊడబీకి మూడు అక్షరాలు మిగిల్చారు. నాట్ ఇన్ సంగతి, లెఫ్ట్ జాయిన్ సంగతి చెప్పాను. "ఇంతకీ నీకు ఉత్తరం వస్తుందన్నమాట" అన్నారు నవ్వుతూ.

ఆ మాట గుచ్చుకుని, బయటికి వెళ్తూ అల్మారాలోంచి ఒక పుస్తకం తీసి కౌంటర్ దాకా వెళ్లాను. కార్డు కూడా తీశాను. అప్పుడు గుర్తొచ్చింది, రేపు పొద్దున తాజా డేటాతో ఇదే క్వెరీ మళ్లీ నడపాలి. ఇప్పుడు ఇష్యూ చేయించుకుంటే లిస్టులో నా పేరుండదు, క్వెరీ తప్పినా నాకు తెలియదు.

పుస్తకం దాని చోట పెట్టేసి వచ్చాను.